నుయ్యి తోడిస్తే పెట్రోలు వాసన పోతుందా?

ప్రశ్న: మాది తూర్పు గోదావరి జిల్లా. మా పెరట్లో అత్తగారి కాలం నాటి నుయ్యి ఉంది. 60 గజాల అవతల రోడ్డు మీద పెట్రోలు బంకు. ఏడాదిగా నీళ్లు పెట్రోలు కంపు కొడుతున్నాయి. రెండుసార్లు మోటారు పెట్టి అడుగంటా తోడించాం, బ్లీచింగు వేశాం. పది రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. కాచి తాగొచ్చా? ఈ నుయ్యి బాగుపడుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ మోటారుకు కరెంటు ఆపించండి. స్విచ్చి నూతి గట్టు మీదే ఉంటే అక్కడ ముట్టుకోవద్దు, మీటరు దగ్గర ఫ్యూజు తీయించండి. పూడిక తీయడానికని ఎవరినీ లోపలికి దించకండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నూతిలోనే నిలిచిపోతుంది. దిగినవాడికి ఊపిరాడదు. నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది.

కాచినా తాగకండి. పెట్రోలులో ఉండే బెంజీన్ క్యాన్సర్ తెచ్చే పదార్థం. అది 80 డిగ్రీలకే మరుగుతుంది కనక నీళ్లలోంచి పోతుంది, నిజమే. కానీ పోయేది మీ వంటింటి గాలిలోకి. బ్లీచింగు క్రిముల్ని చంపుతుంది గాని బెంజీన్‌ను తీసెయ్యలేదు. స్నానానికీ ఆ నీళ్లు వద్దు.

వాసన కొద్దిగానే ఉందని ఊరుకోకండి. మన పెట్రోలులో బెంజీన్ నూటికి ఒక వంతు దాకా ఉండొచ్చు. అంటే లీటరుకు 10 మిల్లీలీటర్లు, సుమారు 8.8 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షల వంతు. ఆ లెక్కన ఒక్క లీటరు పెట్రోలులోని బెంజీన్ దాదాపు 8 లక్షల 80 వేల లీటర్ల నీటిని హద్దు దాకా తెస్తుంది.

ఇక తోడించినా వాసన ఎందుకు తిరిగొస్తోందంటారా? ఇలాంటి కేసే ఒకటి నేను ఉద్యోగంలో ఉండగా చూశాను. బంకు పక్కన పరీక్ష బోరు వేయించి గాజు గొట్టం దించితే, పైకొచ్చిన నీటి మీద వేలెడు మందాన పెట్రోలు తేలుతోంది. ఆ ఇంటాయన అంతకు ముందు నుయ్యి నాలుగుసార్లు తోడించాడు. పాపం, జబ్బు నూతిలో ఉందనుకున్నాడు, అది మట్టిలో ఉంది. ఎండాకాలం నీటిమట్టం దిగితే తేలే పెట్రోలూ దానితో దిగి, దారి పొడవునా మట్టి గింజలకు పట్టుకుంటుంది. వానలకు నీరు లేచినప్పుడు కొంత అక్కడే చిక్కుకుపోయి, కొద్దికొద్దిగా నీళ్లలో కరుగుతూ ఉంటుంది. మీరు తోడిన ప్రతిసారీ చుట్టుపక్కల నీరు ఆ మట్టిలోంచే మీ నూతిలోకి ఊరుతోంది.

అందుకే మొదటి పని కారే చోటు పట్టుకోవడం. బంకు ట్యాంకులకూ పైపులకూ లీకు పరీక్ష జరగాలి. రోజూ కొలబద్ద పెట్టి రాసే స్టాకు రిజిస్టరులో తరుగు ఉందేమో చూడాలి. కారడం ఆగనిదే మిగతా ఖర్చంతా దండగ. తర్వాత బాగా తడిసిన మట్టిని తవ్వి తీస్తారు, తేలే పెట్రోలును బోర్లలోంచి తోడతారు, నీటిమట్టం పైనున్న మట్టిలోంచి ఆవిరిని బ్లోయరుతో లాగి వడకడతారు. చివర్న మిగిలిన దాన్ని మట్టిలోని బ్యాక్టీరియా తింటుంది. దానికి కావలసింది గాలి, తడి, కాస్త నత్రజని, భాస్వరం. కిలో పెట్రోలు పూర్తిగా అరగాలంటే మూడు కిలోలకు పైగా ఆక్సిజన్ పడుతుంది. నేల లోపలికి గాలి కొట్టేది అందుకే. ఢిల్లీలోని టెరి అనే పరిశోధన సంస్థ తయారుచేసిన ఆయిల్‌జాపర్ లాంటి బ్యాక్టీరియా మిశ్రమాలు నూనె మడ్డి మీద పనిచేశాయి. కానీ ఎవరో ప్యాకెట్ తెచ్చి నూతిలో పోస్తామంటే ఒప్పుకోకండి.

పనిని నేలకే వదిలేస్తే ఎంత కాలమో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, బెమిడ్జీ దగ్గర కనిపిస్తుంది. 1979 ఆగస్టు 20న పైపులైను పగిలి దాదాపు 17 లక్షల లీటర్ల ముడిచమురు ఒలికింది. తీయగలిగింది తీశాక సుమారు 4 లక్షల లీటర్లు మిగిలింది. బ్యాక్టీరియా తింటూనే ఉంది, నీటిలో కాలుష్యం మరీ దూరం పాకకుండా ఆపుతోంది కూడా. అయినా 40 ఏళ్లు దాటాక కూడా అక్కడ చమురు ఉంది. మీది అంత పెద్దది కాదు, కానీ వారాల్లో తేలదు. నేను చెప్పిన ఆ ఇంటికి నాలుగేళ్లు పట్టింది.

కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, కలెక్టరు గారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థకూ ఒక ప్రతి పంపండి. నీటి నమూనా ప్లాస్టిక్ సీసాలో వద్దు. గాజు సీసాలో గాలి బుడగ లేకుండా నింపి, ఐసులో పెట్టి పంపాలి. ల్యాబువాళ్లే వచ్చి తీసుకుంటే మరీ మంచిది.

మీ నుయ్యి ఎన్ని ఒరలు, నీళ్లు ఎంత లోతున ఉన్నాయి, బంకు ఏ దిక్కున ఉంది, దానికీ మీకూ మధ్య ఇళ్లవాళ్ల నూతుల్లో వాసన ఉందా? ఇవి రాసి పంపండి. నీరు ఎటు నుంచి ఎటు పారుతోందో తెలిస్తే పరీక్ష బోరు ఎక్కడ అడగాలో చెప్పగలను.