మడ్ టెర్రెయిన్ టైర్లు వేయించే ముందు మీ బురద ఎలాంటిదో చూసుకోండి

మీరు అడిగింది ఇదీ: ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ శక్తి అందే బండి) కొత్తగా కొన్నారు, రోజూ తిరిగేది తారు రోడ్డు మీద, నెలకోసారి బురద దారుల్లోకి దిగుతారు. మడ్ టెర్రెయిన్ (బురద కోసమే చేసిన టైర్లు) వేయించాలా, ఆల్ టెర్రెయిన్ (రోడ్డుకీ, మట్టి దారికీ రెండింటికీ పనికొచ్చేవి) చాలా, పనిలో పనిగా సైజు కూడా పెంచాలా అని.

నేను ఇప్పటికి మూడు సెట్లు మార్చాను. సిగ్గు విడిచి చెప్పాలంటే, మొదటి సెట్ మడ్ టెర్రెయిన్ కొన్నది బండి చూడ్డానికి బాగుంటుందనే. నిజంగానే బాగుండేది. మొదటి వానకి ముందున్న కారు బ్రేకు వేస్తే నేనూ వేశాను. కాలి కింద పెడల్ టకటకా కొట్టుకుంటోంది, బండి మాత్రం ఆగాల్సిన చోట ఆగకుండా జారుకుంటూ పోతోంది. జానెడు దూరంలో ఆగింది. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ఆ టైర్లకి గుబ్బలు పెద్దవి, మధ్య సందులు వెడల్పు. అంటే రోడ్డుకి తగిలే రబ్బరు తక్కువ. తడి రోడ్డు మీద పలచటి నీటి పొరని తుడిచే సన్నటి గాట్లు కూడా వాటిలో తక్కువే. బురదలో మనల్ని కాపాడే సందులే వాన రోడ్డు మీద ఎదురు తిరుగుతాయి.

మోత గురించి అందరూ చెబుతారు కాబట్టి ఎక్కువ చెప్పను. ఒక్క సంగతి మాత్రం. కొన్నాళ్లకి నా బండి ముందు చక్రం దగ్గర గుర్రుమని శబ్దం మొదలైంది. బేరింగ్ పోయిందనుకుని విప్పించాను కూడా. బేరింగ్ శుభ్రంగా ఉంది. టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చడం బద్ధకించడంతో గుబ్బలు ఒక అంచున ఎత్తుగా, ఇంకో అంచున పల్లంగా అరిగాయి. అదీ ఆ మోత. ఇప్పుడు ప్రతి 8,000 కిలోమీటర్లకీ మార్పిస్తున్నాను.

ఇక అసలు విషయం, బురద. జిగట బంకమట్టిలో ఆల్ టెర్రెయిన్ టైరు నాలుగు చుట్లు తిరిగేసరికి సందులన్నీ పూడిపోయి గుండులా నున్నగా అవుతుంది. ఇక చక్రం తిరుగుతుంది గానీ బండి కదలదు. మడ్ టెర్రెయిన్ గొప్పదనమంతా ఇక్కడే. తిరిగే వేగానికి సందుల్లోని మట్టిని విసిరేస్తుంది. కానీ విసరాలంటే చక్రం కాస్త వేగంగా తిరగాలి. లో రేంజ్‌లో (ఫోర్ బై ఫోర్‌లో బలం ఎక్కువ, వేగం తక్కువ ఇచ్చే గేరు) నత్తనడకన పోతే దాని సందులూ పూడిపోతాయి. ఈ ముక్క నాకు ముందే తెలిసుంటే రెండుసార్లు తాడు కట్టించుకునే అవసరం ఉండేది కాదు.

వెడల్పు విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. పైన అరడుగు బురద, కింద గట్టి నేల ఉంటే సన్న టైరే మేలు. బురదని కోసుకుంటూ దిగి కింద గట్టి నేలని పట్టుకుంటుంది. ఎంత దిగినా అడుగు తగలని అడుసులోనూ, ఇసుకలోనూ అయితే వెడల్పు టైరు గాలి తగ్గించి తేలించాలి. ఇసుకలో మడ్ టెర్రెయిన్‌తో యాక్సిలరేటర్ తొక్కారంటే తన గొయ్యి తనే తవ్వుకుంటుంది.

సైజు పెంచేముందు చిన్న లెక్క. 245/75 ఆర్ 16 టైరు ఎత్తు సుమారు 774 మిల్లీమీటర్లు, 265/75 ఆర్ 16 అయితే 804. తేడా 30, కానీ బండి కింద పెరిగేది అందులో సగం, 15 మిల్లీమీటర్లే. మీటరు 100 చూపిస్తే మీరు దాదాపు 104లో పోతుంటారు. పైగా బరువు. నా పాత టైరునీ కొత్తదాన్నీ చేతుల్లోకి ఎత్తినప్పుడే తేడా తెలిసింది. పికప్ మందగించింది, డీజిల్ ఖర్చు పెరిగింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపలి ప్లాస్టిక్‌కి రాసుకునేది.

లోడ్ రేంజ్ (టైరు ఎంత బరువు ఆపగలదో చెప్పే తరగతి) ఇ, అంటే 10 ప్లై (10 పొరలు) అని అమ్మేవాళ్లు ఊదరగొడతారు. అది బలం లెక్కే గానీ లోపల నిజంగా 10 పొరలు ఉండవు. బరువు మోయని తేలిక బండికి అవి వేస్తే రాళ్ల దారిలో నడుం విరుగుతుంది, లోడ్ రేంజ్ సి చాలు. అయితే టైరు మీద రాసిన లోడ్ ఇండెక్స్ (ఒక్కో టైరు మోయగల బరువుని సూచించే అంకె) బండి పుస్తకంలో చెప్పినదానికి తగ్గకూడదు. రాళ్లలో తిరిగేవాళ్లు సైడ్‌వాల్‌లో (టైరు పక్క గోడలో) మూడు పొరలున్నాయో లేదో అడగాలి, ఎందుకంటే కోసుకునేది అక్కడే. తయారీ తేదీ కూడా చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం అని అర్థం.

టైర్ల కంటే ముందు మంచి గాలి కంప్రెసర్, ప్రెషర్ గేజ్ కొనండి. రోడ్డు మీద 35 పీఎస్ఐ పెట్టే నేను బురదలో 20కి దించుతాను, ఒకటి రెండుసార్లు 18కి కూడా. బీడ్‌లాక్ రిమ్ములు (టైరు అంచుని బిగించి పట్టుకునేవి) లేకుండా 15 దాటి కిందకి పోతే, మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది. రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి నింపాలి, లేకపోతే వేడెక్కి పాడవుతుంది. గాలి తగ్గించిన మామూలు టైరు, నిండుగా గాలి కొట్టిన మడ్ టెర్రెయిన్‌ని దాటుకుంటూ పోవడం కళ్లారా చూశాను. ఆ మడ్ టెర్రెయిన్ నాదే లెండి.

నెలకోసారి వెళ్లే మీకైతే కంపెనీ సైజులోనే, సైడ్‌వాల్ గట్టిగా ఉన్న ఆల్ టెర్రెయిన్ చాలంటాను. నా మూడో సెట్ అదే. మీ దారంతా బంకమట్టే అయితే మడ్ టెర్రెయినే తీసుకోండి, వెడల్పు మాత్రం పెంచకండి, స్పేర్ కూడా అదే ఎత్తుది ఉండాలి. మీ దారిలో బురద కింద గట్టి నేల తగులుతుందో, అడుసే ఉంటుందో ఒక కర్ర గుచ్చి చూసి ఇక్కడ రాయండి. బండి మోడల్ కూడా చెబితే సైజు సంగతి ఇంకాస్త కచ్చితంగా చెబుతాను.