ఫర్నేస్ సైజు తర్వాత, ముందు ఇంటి లెక్క వేయించు

నాన్నా,

కెనడాలో, సస్కటూన్‌లో కట్టబోయే మీ ఇంటి ప్లాను చూశాను, బాగుంది. బిల్డర్ ఇల్లు వేడిచేయడానికి లక్ష బీటీయూల (గంటకి ఇచ్చే వేడి కొలత) ఫర్నేస్ రాసిచ్చాడన్నావు కదా, దాని మీద మాత్రం ఇప్పుడే సంతకం పెట్టకు. మైనస్ 35 చలి అంటే ఎవరికైనా భయమే, పెద్దది ఉంటే ధైర్యం అనిపిస్తుంది. కానీ ఇంత ఇన్సులేషన్ పెట్టే ఇంటికి అందులో మూడో వంతు కూడా అవసరం పడకపోవచ్చు. పెద్ద ఫర్నేస్ ఐదు నిమిషాలు గట్టిగా మండి ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది. హాల్లో ఉక్క, పిల్లల గదిలో చలి. ముందు గదిగదికీ ఎంత వేడి బయటికి పోతుందో ఎఫ్280 (ఇంటికి ఎంత వేడి కావాలో తేల్చే కెనడా ప్రమాణం) పద్ధతిలో లెక్క వేయించు, ఆ కాగితం చేతికొచ్చాకే మెషీన్ల సంగతి.

గోడల లోపలి పలకలు (డ్రైవాల్) వేయకముందే బ్లోయర్ డోర్ టెస్ట్ చేయించు, అంటే తలుపులో ఫ్యాను బిగించి గాలి ఎక్కడ కారుతోందో చూసే పరీక్ష. సందులు దొరికితే అప్పుడైతే సులువుగా పూడ్చుకోవచ్చు. ఆ పరీక్షలో 50 పాస్కల్స్ ఒత్తిడి దగ్గర ఇంట్లో గాలి గంటకి 1.5 సార్ల కన్నా ఎక్కువ మారకూడదు, ఆర్-2000 (కరెంటు, గ్యాస్ తక్కువ వాడే ఇళ్ల కెనడా ప్రమాణం) ఇళ్లకి పెట్టిన హద్దు అదే. మన రెజీనాలోనే 1977లో సస్కాచెవాన్ కన్జర్వేషన్ హౌస్ కట్టి, గోడలు మందంగా వేసి, గాలి చొరబడకుండా మూసి, బయటికి పోయే గాలిలోని వేడిని లోపలికొచ్చే గాలికి అందించే పరికరం పెట్టారు. మామూలు ఫర్నేస్ లేకుండానే నడిపించారు.

ఆ పరికరమే హెచ్ఆర్‌వీ, దాని దగ్గర పిసినారితనం వద్దు. అంత బిగుతుగా కట్టిన ఇంట్లో తాజా గాలి దానంతట అది రాదు. అది బాత్రూముల నుంచి, లాండ్రీ నుంచి పాడుగాలి లాగి, పడగ్గదులకి తాజా గాలి ఇవ్వాలి. ఈఆర్‌వీ తేమని కూడా కొంత వెనక్కి తెస్తుంది, అక్కడి పొడి చలికి చాలామంది అదే మంచిదంటారు. కానీ మీరు ఆరుగురు, రోజూ రెండు పూటలా వంట, బట్టలు ఇంట్లోనే ఆరేస్తారు, కాబట్టి కిటికీలకి నీళ్లు పట్టకుండా నేనైతే హెచ్ఆర్‌వీయే పెడతాను. ఫిల్టర్లు రెండు మూడు నెలలకోసారి కడగాలి, కాబట్టి దాన్ని అటకమీద పెట్టనివ్వకు, చెయ్యి అందే చోటే ఉండాలి.

వంటింటి చిమ్నీని దానికి కలపొద్దు. పోపు నూనె పొగకి దాని కోర్, అంటే వేడి మార్పిడి జరిగే భాగం, జిడ్డు పట్టి పాడవుతుంది. చిమ్నీకి విడిగా బయటికి గొట్టం, అది లాగేసిన గాలి స్థానంలో వేరే గాలి వచ్చే దారి రెండూ అడుగు, లేకపోతే గ్యాస్ వాటర్ హీటర్ పొగ ఇంట్లోకి తిరిగి రాగలదు, ప్రాణాల మీదకి వస్తుంది. గ్యాస్‌వి ఏవైనా ఇంట్లో గాలి వాడకుండా బయటి గాలితోనే మండే సీల్డ్ రకమే తీసుకో.

హీట్ పంప్ (కరెంటుతో బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చేది) గురించి అడిగావు కదా, పెట్టు, వేసవిలో ఏసీ కూడా అదే. చలికి తట్టుకునే రకం మైనస్ 25 దాకా లాగుతుంది కానీ చలి పెరిగేకొద్దీ దాని బలం తగ్గుతుంది, అందుకే చిన్న గ్యాస్ ఫర్నేస్ జతగా ఉంచుకో, అక్కడ కరెంటు ఖరీదు, గ్యాస్ చవక.

స్లాబ్ కింద రాడాన్ (నేలలోంచి వచ్చే హానికర వాయువు) బయటికి పోయే గొట్టం వేయించడం మరిచిపోకు, కాంక్రీటు పడ్డాక గోల. ఎఫ్280 రిపోర్టు రాగానే నాకు పంపు, బిల్డర్ ఇచ్చిన కోట్‌తో పక్కపక్కన పెట్టి చూద్దాం.

బాబాయ్