చర్చి భోజనాన్ని ‘ప్రేమవిందు’ అని ఎందుకంటారు?

క్రిస్మస్‌కో చర్చి వార్షికోత్సవానికో ఆరాధన అయ్యాక బంతి వేసి పెట్టే భోజనానికి మన దగ్గర ప్రేమవిందు అనే పేరు. ఇది ఎవరో ముచ్చటపడి పెట్టింది కాదు, బైబిల్లోదే. అందులోని యూదా పత్రిక (యూదా రాసిన ఉత్తరం) 12వ వచనంలో ‘ప్రేమవిందులు’ అని ఉంది. అక్కడి గ్రీకు మాట ‘అగాపే’. ప్రేమకీ అదే మాట, తొలినాటి క్రైస్తవులు కలిసి తిన్న భోజనానికీ అదే మాట.

ఆచరణలో మాత్రం అప్పుడే తేడా వచ్చింది. గ్రీసులోని కొరింథు సంఘంలో కొందరు ముందే తిని తాగి మత్తులో ఉంటే, లేనివాళ్లు ఆకలితో కూర్చున్నారు. ‘ఇది ప్రభువు భోజనమే కాదు’ అని అపొస్తలుడు పౌలు వాళ్లకి రాసిన ఉత్తరంలో తేల్చేశాడు.

ప్రేమా, భోజనమూ ఒకేచోట కనిపించేది యోహాను సువార్త 21వ అధ్యాయంలో. రాత్రంతా వల వేసినా శిష్యులకి ఒక్క చేపా పడలేదు. తెల్లవారాక యేసు మాట మీద మళ్లీ వేస్తే 153 పడ్డాయి. ఒడ్డుకొస్తే నిప్పుల మీద చేప, రొట్టె సిద్ధం. యేసుని ఎరగనని ఆ శిష్యుల్లో ఒకడైన పేతురు బొంకిన రాత్రి చలి కాచుకున్నదీ ఇలాంటి నిప్పుల దగ్గరే. అయినా యేసు సంజాయిషీ అడగలేదు. ముందు ‘రండి, భోజనం చేయండి’ అన్నాడు. తిన్నాకే పేతురుని ‘నన్ను ప్రేమిస్తున్నావా?’ అని మూడుసార్లు అడిగాడు. పేతురు అవునన్న ప్రతిసారీ ఆయన అప్పగించిన పని ఒకటే, తన గొర్రెల్ని మేపమని, కాయమని.