గురుద్వారా కూడలిలో మెట్రో స్టేషన్ వస్తే చుట్టుపక్కల ఏం మారుతుంది?

విశాఖపట్నం మెట్రో మొదటి దశ ప్రణాళికను రాష్ట్ర ప్రభుత్వం 2024 డిసెంబరులో ఆమోదించింది. అందులో 46.23 కిలోమీటర్ల పొడవున మూడు మార్గాలు, 42 స్టేషన్లు ఉన్నాయి. స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాదికి వెళ్లే ప్రధాన మార్గం, పాత పోస్టాఫీసుకు వెళ్లే మార్గం కలిసేది గురుద్వారా వద్దనే కాబట్టి, ఈ స్టేషన్‌ను మామూలు ఆగుచోటుగా చూడరాదు. ఇక్కడ దిగేవారితో పాటు రైలు మారేవారు కూడా ఉంటారు.

అసలు చిక్కు స్టేషన్‌లో కాదు, మెట్లు దిగిన తరువాత మొదలవుతుంది. ఒక పక్క సీతమ్మధార, మరో పక్క శాంతిపురం, శంకరమఠం రోడ్డు ఉండగా, మధ్యలో జాతీయ రహదారి ప్రవాహంలా సాగుతుంది. అందువల్ల రోడ్డుకు ఇరువైపులా దిగే మార్గాలు, లిఫ్టులు లేకపోతే, వృద్ధులకు ఆ స్టేషన్ కంటికి దగ్గర, కాలికి దూరం. 2017 నాటి కేంద్ర మెట్రో విధానం స్టేషన్ చుట్టూ 5 కిలోమీటర్ల వరకు అనుబంధ రవాణాను, నడకదారులను ప్రణాళికలోనే చేర్చాలని కోరుతుంది. నా దృష్టిలో ఇక్కడ ముందుగా కావలసినది ఆటోలు నిలిచేందుకు విడిగా కేటాయించిన స్థలం. లేనిపక్షంలో అవి మెట్ల ముందే గుమిగూడుతాయి.

అద్దెలు, దుకాణాల విలువ సాధారణంగా స్టేషన్‌కు నడిచి చేరగల దూరంలోనే ఎక్కువగా పెరుగుతాయి. అయితే నిర్మాణం సాగినంత కాలం రోడ్డు ఇరుకై, అవే దుకాణాలకు బేరాలు తగ్గవచ్చు.