మోడల్‌లో సొంత టైపు రాసేముందు

చిరంజీవి తల్లికి,

పెదనాన్న ఆశీస్సులు. రైల్స్ (రూబీ భాషలో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) ప్రాజెక్టులో మోడల్స్ పని, అంటే డేటాబేస్ టేబుళ్ళకు క్లాసులు రాసే పని, నీకు అప్పగించారని, సొంతంగా ఒక అట్రిబ్యూట్ (మోడల్‌లోని ఒక్కో విలువ) టైపు కూడా రాయాల్సి వస్తోందని రాశావు. చాలా సంతోషం. ఫారంలో ఒకటి ఇస్తే డేటాబేస్‌లో ఇంకొకటి పడుతోందని టెన్షన్ పడుతున్నట్టున్నావు. పడాల్సిందే. విలువ మారిపోయే చోట ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ కనిపించదు. ఎప్పుడో ఎవరో రిపోర్టు తీసి లెక్క కుదరలేదన్నప్పుడు బయటపడుతుంది. అప్పటికి అసలు విలువ ఏమిటో చెప్పేవాళ్ళు ఉండరు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

టైపు చేసే పని విలువను మార్చడం. ఆ విలువ ఒప్పుకోదగ్గదా కాదా అని తేల్చడం వాలిడేషన్ పని. నేను చూసిన చిక్కుల్లో ఎక్కువ భాగం ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చినవే. కాలమ్ ఇంటీజర్ (పూర్ణాంకం) అని రాశాం కాబట్టి అంకెలు కానివి లోపలికి రావు అనుకుంటారు. వస్తాయి, వేషం మార్చుకుని వస్తాయి. ఇంటీజర్ అట్రిబ్యూట్‌కి "అబ్బా" అని ఇస్తే రైల్స్ దాన్ని సున్నా చేస్తుంది. "1,250" అని కామాతో ఇస్తే 1 అవుతుంది, ఎందుకంటే అంకెలు చదువుతూ వెళ్ళి కామా దగ్గర ఆగిపోతుంది. 12.9 ఇస్తే 12. ఖాళీ స్ట్రింగ్ (ఏ అక్షరమూ లేని పాఠం) ఇస్తే మాత్రం నిల్, అంటే విలువే లేనట్టు. ఇవన్నీ అది నేర్చుకున్న మర్యాద ప్రకారం చేస్తోంది, బగ్ కాదు.

బూలియన్, అంటే ట్రూ లేదా ఫాల్స్ మాత్రమే ఉండే టైపు, సంగతి ఇంకా జాగ్రత్తగా చూడు. రైల్స్ 5 నుంచి దాని నియమం ఇలా ఉంది: ఫాల్స్ కింద లెక్కగట్టే విలువల జాబితా చిన్నది ఒకటి ఉంది. అందులో ఉంటే ఫాల్స్, ఖాళీ స్ట్రింగ్ అయితే నిల్, మిగిలిందంతా ట్రూ. ఆ జాబితాలో సున్నా ఉంది, ఎఫ్ అక్షరం ఉంది, "ఫాల్స్" అన్న మాట అన్నీ చిన్న అక్షరాల్లోనూ అన్నీ పెద్ద అక్షరాల్లోనూ ఉంది, "ఆఫ్" కూడా ఉంది. "నో" లేదు. మొదటి అక్షరం మాత్రమే పెద్దదిగా రాసిన "ఫాల్స్" కూడా లేదు. పైథాన్ అనే ఇంకో భాషలో ఫాల్స్‌ని స్ట్రింగ్ చేస్తే సరిగ్గా అలాగే వస్తుంది. ఆ ఫైలు తెచ్చి మన మోడల్‌లోకి ఎక్కిస్తే కాదన్నవన్నీ అవునైపోతాయి. చెక్‌బాక్స్ నుంచి వచ్చే 1, 0 లతో ఏ ఇబ్బందీ లేదు. బయటి ఫైళ్ళ నుంచి ఎక్కించేటప్పుడు మాత్రం ఏ మాట ట్రూ, ఏ మాట ఫాల్స్ అన్నది నువ్వే రాసుకో, తెలియని మాట వస్తే ఆ వరసను పక్కన పెట్టు.

తేదీలది ఇంకో తీరు. 2024 ఫిబ్రవరి 30 అని ఇస్తే అలాంటి రోజు లేదు కాబట్టి నిల్ అవుతుంది. ఏటవాలు గీతలతో రాసిన తేదీని రోజు ముందు, నెల తర్వాత అనే చదువుతుంది. 05/04/2024 ఏప్రిల్ 5 అవుతుంది. నెల ముందు రాసే అలవాటున్న మనిషి 04/25/2024 అని ఇస్తే 25వ నెల లేదు కాబట్టి అదీ నిల్. ఆ కాలమ్ తప్పనిసరి కాకపోతే, తేదీ ఇచ్చినా ఇవ్వనట్టే సేవ్ అయిపోతుంది. ఎవరికీ చెప్పదు. దీనికి మందు ఉంది. ప్రతి అట్రిబ్యూట్‌కీ "బిఫోర్ టైప్ కాస్ట్" అనే తోక తగిలించిన మెథడ్ ఒకటి ఉంటుంది, అది మనిషి ఇచ్చిన ముడి విలువను అలాగే ఇస్తుంది. ముడి విలువ ఉంది, మారిన విలువ నిల్ అయింది అంటే చదవలేకపోయామని అర్థం. అప్పుడు వాలిడేషన్‌లో ఎర్రర్ చేర్చు. ఇచ్చినది అంకెనా కాదా అని చూసే న్యూమరికాలిటీ వాలిడేషన్ కూడా లోపల ఈ ముడి విలువనే చూస్తుంది, అందుకే "అబ్బా" సున్నాగా మారినా అది పట్టుకోగలదు. అంకెల అట్రిబ్యూట్ ప్రతిదానికీ అది పెట్టు, ఆలోచించకు.

ఇప్పుడు నువ్వు రాయబోయే టైపు దగ్గరికి వద్దాం. టైపులు రైల్స్ లోపల 4.2 నుంచే ఉన్నాయి. మనం కూడా రాసుకోవచ్చని అట్రిబ్యూట్స్ ఏపీఐని బాహాటంగా ఇచ్చింది 2016లో, 5.0తో. టైపులో ముఖ్యమైన మెథడ్స్ మూడు. మనిషి ఇచ్చిన విలువను, అంటే ఫారం నుంచో కోడ్ నుంచో అట్రిబ్యూట్‌కి ఇచ్చినదాన్ని, మార్చేది కాస్ట్. డేటాబేస్ నుంచి చదివినదాన్ని మార్చేది డీసీరియలైజ్. డేటాబేస్‌లోకి పంపడానికి సిద్ధం చేసేది సీరియలైజ్. పైథాన్‌లోని జాంగో ఫ్రేమ్‌వర్క్‌లో పనిచేసినా ఇవే మూడు దారులు వేరే పేర్లతో కనిపిస్తాయి. తేడా ఏమిటంటే, అక్కడ అట్రిబ్యూట్‌కి స్ట్రింగ్ ఇస్తే క్లీన్ చేసేదాకానో మళ్ళీ డేటాబేస్ నుంచి చదివేదాకానో స్ట్రింగ్‌గానే ఉంటుంది.

ఎక్కడ పడిపోతారో ఒక ఉదాహరణతో చెబుతాను. పని పట్టిన సమయం దాచాలనుకో. మనిషి "2:30" అని రాస్తే రెండున్నర గంటలు, ఒట్టి "2" అని రాస్తే రెండు గంటలు. డేటాబేస్‌లో నిమిషాల్లో, ఇంటీజర్‌గా ఉంచుతాం: 150, 120. చాలామంది కాస్ట్ ఒక్కటి రాసి, అది పనిచేసింది కదా అని వదిలేస్తారు. డీసీరియలైజ్ నువ్వు రాయకపోతే రైల్స్ కాస్ట్‌నే పిలుస్తుంది. అప్పుడు డేటాబేస్‌లోని 90 నిమిషాలు బయటికి వచ్చేసరికి 90 గంటలవుతాయి. కొత్త రికార్డుకి విలువ ఇచ్చి సేవ్ చేసేముందు చూస్తే అంతా సవ్యంగానే ఉంటుంది, సేవ్ అయ్యాకో, మళ్ళీ డేటాబేస్ నుంచి చదివినప్పుడో బయటపడుతుంది. మనిషి రాసే రూపమూ డేటాబేస్‌లో ఉండే రూపమూ వేరైన ప్రతి చోటా డీసీరియలైజ్ విడిగా రాయాల్సిందే.

అదే ఉదాహరణలో ఇంకో మాట. రూబీ వైపు ఆ విలువను ఒట్టి ఇంటీజర్‌గా ఉంచకు. 120 అన్నది గంటలో నిమిషాలో ఎవరికి తెలుసు? వ్యవధి అనే చిన్న క్లాసు ఒకటి చేసుకో. కాస్ట్‌కి ఇదివరకే ఆ క్లాసుగా మారిన విలువ వస్తే దాన్ని అలాగే తిరిగి ఇవ్వాలి. కాస్ట్ చేసినదాన్ని మళ్ళీ కాస్ట్ చేసినా మారకూడదు, ఇది ఖచ్చితంగా పాటించు. ఆ క్లాసులో సమానత్వాన్ని, అంటే రెండు ఈక్వల్ గుర్తుల మెథడ్‌ని, నిర్వచించడం కూడా మరచిపోవద్దు. లేకపోతే పాత విలువనే మళ్ళీ ఇచ్చినా రైల్స్ మారిందనుకుంటుంది, అక్కర్లేని అప్‌డేట్ నడుపుతుంది, మార్పుల చరిత్ర దాచే చోట జరగని మార్పులు రాసిపెడుతుంది.

కాస్ట్‌లో ఎర్రర్ లేపకు. అట్రిబ్యూట్‌కి విలువ ఇవ్వగానే కాస్ట్ జరగదు తల్లీ, మొదటిసారి దాన్ని చదివినప్పుడు జరుగుతుంది. అక్కడ ఎర్రర్ లేపితే అది పుట్టిన చోట కాకుండా ఏ వ్యూలోనో (పేజీ చూపించే కోడ్), ఏ కాల్‌బ్యాక్‌లోనో (సేవ్ లాంటి పనులప్పుడు దానంతటదే నడిచే కోడ్) పేలుతుంది, కారణం వెతకడానికి సగం రోజు పోతుంది. చదవలేని దానికి నిల్ ఇచ్చి, మిగతాది ఇందాక చెప్పిన వాలిడేషన్‌కి వదిలెయ్యి. ఫారం మళ్ళీ చూపించినప్పుడు మనిషి రాసిన ముడి విలువే పెట్టెలో కనిపిస్తుంది కాబట్టి వాళ్ళు దిద్దుకోగలరు. సీరియలైజ్ సంగతి వేరు. అక్కడ దాచలేని విలువ వస్తే గట్టిగా ఎర్రర్ లేపడమే మేలు. రైల్స్ ఇంటీజర్ టైపు కూడా అంతే, నాలుగు బైట్ల కాలమ్‌లో 2147483647 దాటినది సేవ్ చేయబోతే రేంజ్ ఎర్రర్ ఇస్తుంది. తప్పు విలువ దాచడం కన్నా ఆగిపోవడం నయం.

సీరియలైజ్ గురించి చాలామందికి తెలియనిది ఒకటుంది. వేర్ అనే మెథడ్‌తో డేటాబేస్‌లో వెతికేటప్పుడు నువ్విచ్చిన విలువ కాస్ట్ గుండా పోదు, నేరుగా సీరియలైజ్‌కి వస్తుంది. కాబట్టి వెతికే ఫారం నుంచి వచ్చిన "2:30" అన్న స్ట్రింగ్‌ని అలాగే వేర్‌కి ఇస్తే, సీరియలైజ్‌కి నీ వ్యవధి క్లాసు కాక స్ట్రింగ్ ఎదురవుతుంది. సీరియలైజ్ మొదటి వరసలోనే కాస్ట్‌ని పిలిచి, వచ్చినదాన్ని నిమిషాలు చెయ్యి. రైల్స్ సొంత అంకెల టైపులు కూడా ఇలాగే చేస్తాయి. ప్రశ్న గుర్తులు పెట్టి ఎస్‌క్యూఎల్‌ని స్ట్రింగ్‌గా రాసే చోట మాత్రం నీ టైపు అసలు రంగంలోకి రాదు, అక్కడ నిమిషాల లెక్క నువ్వే ఇవ్వాలి.

హ్యాష్ (కీ, విలువ జంటలు), అర్రే (వరస జాబితా) లాంటివి ఉన్నచోటే మార్చగలిగినవి. వాటిని సొంత టైపులో దాచేటప్పుడు, మార్పు ఉన్నచోటే జరిగితే రైల్స్‌కి తెలియదు. సేవ్ చేస్తే ట్రూ అంటుంది, ఏమీ రాయదు. దానికి "చేంజ్డ్ ఇన్ ప్లేస్" అనే మెథడ్ నువ్వు రాయాలి, లేదా రైల్స్ ఇచ్చే మ్యూటబుల్ అనే హెల్పర్ మాడ్యూల్‌ని కలుపుకోవాలి. నా మాట వింటే వీలైనంతవరకు మారని విలువలే వాడు, ఈ బెడదే ఉండదు. జేసన్ (హ్యాష్‌లనూ జాబితాలనూ పాఠంగా రాసే పద్ధతి) కాలమ్ వాడితే, హ్యాష్‌కి సింబల్ (రూబీలో పేర్లకు వాడే ఒక రకం విలువ) కీలు ఇచ్చిన వెంటనే స్ట్రింగ్ కీలుగా మారిపోతాయని కూడా గుర్తుంచుకో.

కామాల గురించి అడిగావు, "1,250" ని 1250గా తీసుకోవడం ఎలా అని. రైల్స్ 7.1లో వచ్చిన, విలువల్ని ఒక పద్ధతికి తెచ్చే నార్మలైజెస్‌తో చేద్దామనుకుంటున్నానన్నావు. ఇంటీజర్ కాలమ్ మీద అది పనికిరాదు. అది కాస్ట్ అయ్యాక నడుస్తుంది, అప్పటికే నీ చేతిలో ఉన్నది 1. ఈమెయిల్‌ని చిన్న అక్షరాల్లోకి మార్చడం, ముందూ వెనకా ఖాళీలు తీసెయ్యడం లాంటి వాటికి అది చక్కగా పనికొస్తుంది. కామాలకు మాత్రం ఇంటీజర్ టైపు నుంచి నీ టైపు తీసుకుని, కాస్ట్‌లో స్ట్రింగ్ అయితే కామాలు తీసేసి పైదానికి, అంటే ఇంటీజర్ టైపు కాస్ట్‌కి, అప్పగించు. అయితే ఇక్కడే ఇంకో చిక్కు. న్యూమరికాలిటీ ముడి విలువను చూస్తుందని చెప్పాను కదా, అది కామా ఉన్న స్ట్రింగ్‌ని చూసి అంకె కాదంటుంది. నీ టైపు సరిగ్గా ఉన్నా రికార్డు సేవ్ కాదు. అందుకని ఆ అట్రిబ్యూట్‌కి ముడి విలువలోంచి కామాలు తీసి పరీక్షించే చిన్న వాలిడేటర్ నువ్వే రాయాలి. పది వరసలు దాటదు. కంట్రోలర్‌లో, అంటే ఫారం అందుకునే కోడ్‌లో, కామాలు తీసేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. రేపు కన్సోల్ నుంచో, ఫైలు ఎక్కించే స్క్రిప్టు నుంచో విలువ వస్తే ఆ కంట్రోలర్ దారిలో ఉండదు.

ఈ టైపులను పరీక్షించడం చాలా సులువు, డేటాబేస్ అక్కర్లేదు. టైపు ఆబ్జెక్ట్ ఒకటి చేసి దానికే విలువలు ఇచ్చి చూడవచ్చు. నిల్, ఖాళీ స్ట్రింగ్, ఒట్టి ఖాళీలు, చెత్త మాట, ఇదివరకే మారిన విలువ, వీటన్నిటికీ కాస్ట్ ఏమిస్తుందో రాయి. తర్వాత ప్రతి మంచి విలువనీ సీరియలైజ్ చేసి, వచ్చినదాన్ని డీసీరియలైజ్ చేస్తే మొదటిదే రావాలని రాయి. పై 90 గంటల తప్పు ఈ చివరి పరీక్షలోనే దొరికిపోతుంది. ఇప్పటికే ఉన్న మోడల్‌లో ఏ అట్రిబ్యూట్‌కి ఏ టైపు ఉందో తెలియకపోతే కన్సోల్‌లో మోడల్ పేరు మీద "అట్రిబ్యూట్ టైప్స్" అన్న మెథడ్ పిలువు, మొత్తం చూపిస్తుంది.

ఆ వ్యవధి టైపు రాశాక, దాని పరీక్షలతో పాటు నాకు పంపు. ముందు పరీక్షలే చదువుతాను.

ఇట్లు,
పెదనాన్న