కమ్యూనిటీ కాలేజీలో గ్లోబల్ స్టడీస్ చదివితే ఏమొస్తుంది? నాకైతే పత్తి అర్థమైంది

మీరు అడిగింది ఇదీ: "కాలిఫోర్నియాలో ఉంటాం. మా అమ్మాయికి ఇంజనీరింగ్ వద్దట. ముందు కమ్యూనిటీ కాలేజీలో గ్లోబల్ స్టడీస్ చదివి, రెండేళ్ల తర్వాత యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవుతానంటోంది. ఒప్పుకోవచ్చా?"

ఒప్పుకోండి. నేను వెళ్లిన దారి అదే: రెండేళ్ల ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీ, అందులో దేశాల మధ్య వ్యాపారం, రాజకీయం ఎలా ముడిపడతాయో చెప్పే గ్లోబల్ స్టడీస్. అదీ ముప్పై ఏళ్లు వచ్చాక, హెచ్4 వీసా (హెచ్1బీ ఉద్యోగి భార్యకో, భర్తకో, పిల్లలకో ఇచ్చేది) మీద ఉండి, చంటిదాన్ని మా అత్తమ్మకి అప్పజెప్పి. మీ అమ్మాయికి అంత తిప్పలు ఉండదు.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం, అది తేలనిదే మనవాళ్ల చెవికి మిగతాది ఎక్కదు. కోర్సుల్ని యూనిట్లలో లెక్కేస్తారు, యూనిట్‌కి 46 డాలర్లు. 2012 నుంచీ అదే రేటు. ట్రాన్స్‌ఫర్‌కి కావాల్సిన 60 యూనిట్లకి 2,760 డాలర్లు, పుస్తకాలు, పార్కింగ్ వేరే. ఇది రాష్ట్రంలో ఉండేవాళ్ల ఫీజు. హెచ్4 వాళ్లు ఏడాదికి పైగా ఇక్కడ ఉన్నట్టు కాగితాలు చూపిస్తే ఈ ఫీజే పడుతుంది, నేనూ అంతే కట్టాను. ఎఫ్1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లకి ఈ వెసులుబాటు లేదు, వాళ్లకి చాలా రెట్లు ఎక్కువ. మీ అమ్మాయి కూడా హెచ్4 అయితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: 21 నిండగానే ఆ వీసా పోతుంది. సరిగ్గా ట్రాన్స్‌ఫర్ అయిన కొత్తలో. అప్పుడు ఎఫ్1కి మారితే ఫీజూ మారుతుంది. ఆ లెక్క ఇప్పుడే వేసుకోండి.

ఇక మనవాళ్ల నోళ్లు. నేను కాలేజీలో చేరానని తెలిసి పాట్‌లక్‌లో ఒక ఆంటీ నా ప్లేట్లో పులిహోర వడ్డిస్తూ, "కమ్యూనిటీ కాలేజా? పాపం, వేరే ఎక్కడా సీటు రాలేదా?" అన్నారు. ఆవిడ కొడుకు ఏడాదికి ఎంత ఫీజు కడుతున్నాడో అదే నోటితో గొప్పగా చెప్పారు. ఎంసెట్ ర్యాంకుల జబ్బు సముద్రం దాటినా తగ్గలేదు మనకి. 1960లోనే కాలిఫోర్నియా ఒక మాస్టర్ ప్లాన్ రాసుకుంది: పై వరస పిల్లలు యూసీలకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లకి), ఆ తర్వాతి వాళ్లు స్టేట్ యూనివర్సిటీలకి, కమ్యూనిటీ కాలేజీ తలుపు మాత్రం అందరికీ. అక్కణ్ణుంచి పైకి ట్రాన్స్‌ఫర్ అవడం ఆ ప్లాన్‌లో భాగమే. సీటు రానివాళ్ల కోసం తీసిన దొడ్డిదారి కాదది.

చదువు సంగతికి వస్తాను. నేను చదివింది కాలిఫోర్నియా మధ్యలో పొలాల లోయ సెంట్రల్ వ్యాలీలో. గ్లోబల్ ఇష్యూస్ రాత్రి క్లాసు. ముందు వరసలో ఆర్మీ నుంచి బయటికి వచ్చినాయన, ఆయన వెనక కంబోడియా కుటుంబం పిల్ల, ఒక పంజాబీ కుర్రాడు, ఇంకా హైస్కూల్ పూర్తికాని ఇద్దరు. ప్రెజెంటేషన్‌కి ఇద్దరిద్దర్ని జత చేస్తే నాకు యాభై దాటిన ఒక ట్రక్కు డ్రైవర్ వచ్చాడు. మెక్సికో మూలాలున్న మనిషి. మాకు పడిన అంశం పత్తి సబ్సిడీలు. నేనేమో వరంగల్ దగ్గర పత్తి చేలల్లో పెరిగినదాన్ని.

స్లైడ్లు మామూలే. అమెరికా తన పత్తి రైతులకి ఇచ్చే సబ్సిడీలు ప్రపంచ మార్కెట్లో పత్తి ధర పడగొడుతున్నాయని బ్రెజిల్ 2002లో డబ్ల్యూటీఓకి (ప్రపంచ వాణిజ్య సంస్థకి) వెళ్లింది, గెలిచింది. 2003లో బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి కలిసి ఆ సబ్సిడీలు ఎత్తేయమని అడిగాయి. చివరికి 2014లో అమెరికా బ్రెజిల్‌కి 30 కోట్ల డాలర్లు ఇచ్చి గొడవ ముగించుకుంది. ఆ నాలుగు ఆఫ్రికా దేశాలకి ఏం ముట్టిందో మీరే ఊహించుకోండి.

ఇది అయ్యాక ఆ ట్రక్కు డ్రైవర్ తన సంచీలోంచి ఇంకో సంచీ తీశాడు. మాసిపోయిన కాన్వాసు, మనిషికి రెండింతల పొడవు, ఒక చివర భుజానికి తగిలించుకునే పట్టీ. అడుగున నేలకి రాసుకుని అరిగిన చోట మాసికలు. వాళ్ల తాత అదే లోయలో కోర్కొరన్ అనే ఊరి దగ్గర సాలు వెంట ఈడ్చుకుంటూ పత్తి ఏరిన సంచీ అది. 1933లో ఆ లోయలో వేల మంది పత్తి కూలీలు సమ్మె చేశారు, తాత కూడా అందులో ఉన్నాడని ఇంట్లో చెప్పుకుంటారట. "మీ దగ్గర ఎలా ఏరతారు?" అని అందరి ముందూ నన్ను అడిగాడు. స్లైడ్‌లో లేని ప్రశ్న. నేను చున్నీ తీసి నడుముకి చుట్టి, అంచులు దోపి ఒడి కట్టి చూపించాను. మా అమ్మ చీర కొంగుతో అలాగే కట్టేది. నిండితే గట్టు మీద కుప్ప పోసి మళ్లీ సాలులోకి. ఆయన వెంటనే తన వేళ్లు చూపించి, గోరు పక్కన చర్మాన్ని గిల్లాడు. నాకు అర్థమైంది. ఎండిన పత్తికాయ తొక్క ముల్లంత పదును, సరిగ్గా అక్కడే చీరుతుంది. మా అమ్మ రాత్రిపూట అక్కడ కొబ్బరినూనె రాసుకునేది.

కంబోడియా పిల్ల అడిగింది, "అయితే తప్పెవరిది?" అని. 1997లో మా జిల్లా చేలల్లో లద్దెపురుగు పడింది. మా బాపు కొట్టని మందు లేదు. పురుగు చావలేదు. ఆ మందే తాగి రైతులు చచ్చిపోయారు, మా వాడకట్టులో కూడా. ఇదంతా చెప్పి, "ఈ సబ్సిడీలే మావాళ్లని చంపాయి" అన్నాను. మా టీచర్ వడ్డీ అప్పులు, నకిలీ మందులు, వానలు అంటూ అందుకున్నారు. అవీ ఉన్నాయి, కాదనను. కానీ పత్తికి ధర ఉంటే అప్పు తీరేదా, లేదా? ఎవరేమన్నా నా మాట అదే.

పెద్ద యూనివర్సిటీలో మొదటి ఏడాది వందల మంది కూర్చునే హాల్లో ఇలాంటి సంచీ ఎవరు తెస్తారు చెప్పండి? అక్కడ పత్తి అంటే ఒక గ్రాఫు. అందుకే ఈ సబ్జెక్టు మొదలుపెట్టడానికి కమ్యూనిటీ కాలేజీని మించింది లేదంటాను. ఫీజు తక్కువని మాత్రమే కాదు.

ట్రాన్స్‌ఫర్ విషయంలో కాలేజీలో సలహాలిచ్చే కౌన్సిలర్ని నమ్ముకుని కూర్చోవద్దు. వాళ్లిచ్చే అరగంటలో సగం మన ఇంటిపేరు పలకడానికే సరిపోతుంది. నాకు ఒకావిడ తీసుకోమన్న ఎకనామిక్స్ కోర్సు నేను వెళ్లాలనుకున్న చోట మేజర్‌కి లెక్కలోకే రాదు. అసిస్ట్ అని రాష్ట్రం నడిపే వెబ్‌సైట్ ఉంది, ఏ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీలో దేనికి సరిపోతుందో అందులో చూపిస్తుంది. అది ప్రింట్ తీసి ఆవిడ ముందు పెడితే గానీ వినలేదు. 2010లో వచ్చిన చట్టం ప్రకారం ట్రాన్స్‌ఫర్ డిగ్రీ ఒకటి ఉంది, గ్లోబల్ స్టడీస్‌లోనూ ఇస్తున్నారు. అది చేతిలో ఉంటే స్టేట్ యూనివర్సిటీల్లో ఎక్కడో ఒకచోట సీటు ఖాయం, ఇంకో 60 యూనిట్లలో పట్టా. యూసీల్లో అయితే డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్‌లకి ట్యాగ్ అనే ముందస్తు హామీ ఉంటుంది. దరఖాస్తు సెప్టెంబరు నెలలోనే. బర్క్‌లీ, యూసీఎల్ఏ, శాన్ డియాగో ఈ హామీ ఇవ్వవు, మనవాళ్లకి కావాల్సినవి మాత్రం అవే! కానీ ట్యాగ్ లేకుండా బర్క్‌లీకి ట్రాన్స్‌ఫర్ అయ్యేవాళ్లు ఏటా ఉంటారు, అమ్మాయిని భయపెట్టొద్దు. విదేశీ భాష కోర్సు కూడా మొదటి సెమిస్టర్‌లోనే ఎత్తుకోమనండి, చివరికి తోస్తే మెడకి చుట్టుకుంటుంది.

నేను శాన్ హోసే స్టేట్‌కి వెళ్లాను. ట్రేసీలో పొద్దున్నే ఏస్ రైలెక్కితే కొండలు దాటేలోపు చదవాల్సింది చదివేసేదాన్ని. ఇంట్లో దొరకని ఏకాంతం.

ఉద్యోగమా? వస్తుంది. ఈఏడీ (ఉద్యోగం చేసుకునే అనుమతి కార్డు) చేతికొచ్చాక బాదం ప్రాసెసింగ్ చేసే ఒక కంపెనీలో ఎగుమతి కాగితాలు చూసే పనిలో చేరాను. కాలిఫోర్నియా బాదం బయటి దేశాల్లో అన్నిటికన్నా ఎక్కువ కొనేది మన ఇండియానే. నేను చేరిన ఏడాదే, 2019 జూన్‌లో, ఇండియా ఈ బాదం మీద అదనపు సుంకం వేసింది. "ఎందుకు వేశారు?" అని మా మేనేజర్ జుట్టు పీక్కున్నాడు. అంతకుముందు ఏడాది అమెరికా ఉక్కు మీద వేసిన సుంకానికి బదులని నేనే బోర్డు మీద గీసి చెప్పాను. "ఉక్కుకీ బాదంకీ ఏం సంబంధం?" అన్నాడు. ఆయన ఇంజనీరే మరి. ఆ సుంకం 2023లో తీసేసేదాకా ప్రతి కంటైనర్ లెక్కా నా టేబుల్ మీదికే వచ్చేది.

ఫీజు, వీసా సంగతులు మీరు కామెంట్లలో అడగండి. కోర్సుల సంగతి మాత్రం అమ్మాయినే అడగమనండి, చదివేది తనే కదా.