పూజలో మనసు నిలవడం లేదా? ముందు దేవుడితో దెబ్బలాడండి

రోజూ దీపం పెట్టి స్తోత్రాలు చదువుకునే ఒకరు, కొంతకాలంగా ఏమీ అనిపించడం లేదు, దేవుడు ఎక్కడికో వెళ్లిపోయినట్టుంది, మళ్లీ దగ్గరవడం ఎలా, మానేస్తే పాపమా అని అడిగారు. పాపపుణ్యాలు తేల్చేంతవాణ్ణి కాదు. నాకు జరిగింది చెప్తాను.

మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేను మొక్కని దేవుడు లేడు. ముడుపు కట్టాను, ఉపవాసాలున్నాను. అమ్మ దక్కలేదు. తర్వాత ఏటిసూతకం కాబట్టి పండగలూ లేవు, గుడీ లేదు, పూజ ఎందుకు చెయ్యట్లేదని అడిగేవాళ్లూ లేరు, నిజం చెప్పాలంటే అప్పుడే హాయిగా ఉంది. సంవత్సరీకాలు అయిపోయాక ఇంట్లోవాళ్లు మళ్లీ మొదలుపెట్టమన్నారు, చిక్కు అక్కడొచ్చింది. నోరు విష్ణు సహస్రనామం చదివేది, మనసు ఐసీయూ బయట కుర్చీల దగ్గరే తిరిగేది. హారతి కళ్లకద్దుకుని లేస్తే ప్రశాంతత మాట దేవుడెరుగు, ఒళ్లు మండేది. భక్తి చాల్లేదేమోనని ఇంకో స్తోత్రం కలిపితే ఇంకాస్త విసుగు.

దాన్ని నేను దూరం అనుకున్నాను గానీ అది కోపం. ఎదుటివాడు ఉన్నాడనుకుంటేనే కదా కోపమొచ్చేది!

మనవాళ్లకి ఈ విషయంలో మొహమాటం లేదు. కంచర్ల గోపన్న, అదే మన భద్రాచల రామదాసు, పాల్వంచ తహసీల్దారుగా ఉండి సర్కారు సొమ్ముతో రాముడికి గుడి కట్టించి, తానీషా కాలంలో గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గాడంటారు. అక్కడ కూర్చుని ఆయన పొగడ్తలు మాత్రమే పాడలేదు, ఖర్చుల పద్దు విప్పాడు. సీతమ్మకి చింతాకు పతకం చేయించాను, దానికి ఇన్ని వరహాలు పట్టాయి, ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావు అని నిలదీశాడు. అదే పాటలో, దెబ్బలకు ఓర్చుకోలేక తిట్టాను, బాధపడకు అని కూడా అన్నాడు. అయినా రాముడు పలక్కపోతే, నాన్న దగ్గర పని కానప్పుడు పిల్లలు అమ్మ కొంగు పట్టుకున్నట్టు, సీతమ్మని పట్టుకుని నువ్వైనా చెప్పమ్మా అని సిఫార్సు అడిగాడు. ఈ మనిషిని మనం పరమభక్తుడు అంటున్నాం, గుర్తుంచుకోండి.

పోతన గజేంద్రుడు కూడా అంతే. మొసలి కాలు పట్టుకుని ఉండగా, ఉన్నాడు ఉన్నాడు అంటారే, ఆయన అసలు ఉన్నాడో లేడో అంటాడు. చిన్నప్పుడు ఆ పద్యం గడగడా అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నాం గానీ, అంత అనుమానం ప్రార్థన మధ్యలోనే ఉందని ఎవరూ ఆగి చెప్పలేదు. నారద భక్తి సూత్రాల్లో అయితే కామం, క్రోధం, అభిమానం ఏమున్నా దేవుడి మీదే చూపించమని ఉంది.

అందుకని నేను సహస్రనామం పక్కన పెట్టేశాను. దీపం పెట్టడం, మామూలు తెలుగులో మాట్లాడడం, అంతే. అమ్మ విషయంలో ఎందుకిలా చేశావు, అంతమంది మొక్కితే ఒక్కళ్లదీ వినలేదా, ఇలా. మొదట్లో సిగ్గేస్తుంది, ఇంట్లోవాళ్లు కంగారుపడతారు కూడా, తలుపేసుకోండి. జవాబు రాలేదు, కలలో ఎవరూ కనపడలేదు, ఎవరైనా మీకు అలాంటివి చెప్పి ఊరిస్తే పెద్దగా పట్టించుకోకండి. కానీ కొన్ని నెలలకి దీపం దగ్గర కూర్చోవడానికి బద్ధకం పోయింది. తిట్టడానికైనా సరే, రోజూ వెళ్తున్నాను కదా.

రెండోది, ఒంటరిగా చెయ్యడం తగ్గించాను. మా కాలనీ గుళ్లో అన్నదానం రోజున వడ్డనకి వెళ్లేవాణ్ణి. సాంబారు బకెట్టు పట్టుకుని పంక్తి వెంట పరిగెడుతుంటే నాకేమనిపిస్తోంది, భక్తి వస్తోందా లేదా అని చూసుకునే తీరిక ఉండదు, అదే మంచిదైంది. శనివారం భజనలోనూ అంతే, మీకు మనసు రాకపోయినా తాళం వెయ్యండి, పక్కవాళ్లు పాడతారు. సహస్రనామం తర్వాత దానంతటదే మళ్లీ నోటికొచ్చింది, ఇప్పటికీ కొన్ని వారాలు ఎండుగానే గడుస్తాయి, పెద్దగా టెన్షన్ పడను.

మానేస్తే పాపమా అన్నారు కదా, పూర్తిగా మానక్కర్లేదు, తగ్గించండి. గంట పూజ భారమైతే దీపం ఒక్కటి చాలు. "నీ కర్మ", "నీకు శ్రద్ధ లేదు" అనే చుట్టాలకి ఈ సంగతులు చెప్పకండి.

ఒక్క మాట. పూజ ఒక్కటే కాకుండా తిండి, నిద్ర, పిల్లలతో ఆడుకోవడం, ఏదీ సహించకుండా ఉంటే అది వేరే సంగతి. వ్రతాలు, జాతకాలు అంటూ తిరక్కుండా ముందు డాక్టర్‌కి చూపించుకోండి.